రెండు గీతల మధ్య రంగు నింపడం ఎలా: తిరుపతి వానల లెక్కతో ఒక చార్టు

తిరుపతి జిల్లాలో జూన్ 1 నుండి ఈ రోజు వరకు కురవవలసిన వాన ఒక గీతగా, కురిసిన వాన మరొక గీతగా గీసి చూపిస్తే, చూసేవారు మొదట అడిగేది లోటు ఎంత అని. ఆ జవాబు చార్టులోనే ఉంటుంది కానీ పై గీతను, కింది గీతను వేరువేరుగా చదివి మనసులో తీసివేత చేసుకుంటే తప్ప దొరకదు. రెండు గీతల మధ్య జాగాకు రంగు నింపితే ఆ తీసివేతను చార్టే చేసి పెడుతుంది. అందుకే ఈ రంగును అలంకారంగా భావించి పైపైన పూయకూడదు. రంగు అంచు ప్రతి తేదీ వద్దా లెక్కతో తేలిన చోటే ఉండాలి, గీతలు కలిసే చోట రంగు మందం సున్నా కావాలి. ఈ రెండు షరతులు నెరవేరేలా చార్టు తయారుచేసే విధానాన్ని ఎక్సెల్ ఆధారంగా ఇక్కడ వివరిస్తున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవారికి కావలసినది ఎక్సెల్ పద్ధతుల తరువాత ఉంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1786లో స్కాట్లాండు ఇంజనీరు విలియం ప్లేఫెయిర్ ఇంగ్లండు ఎగుమతులను, దిగుమతులను రెండు గీతలుగా గీసి, వాటి మధ్య జాగాకు రంగు వేసి, దేశానికి అనుకూలమైన మిగులు ఎక్కడ ఉందో, ప్రతికూలమైన లోటు ఎక్కడ ఉందో చూపించాడు. ఆయన గీతలు కూడా ఒకదానినొకటి దాటేవి. ఇప్పటికీ మనకు ఎదురయ్యే అసలు చిక్కు అక్కడే ఉంది కనుక, ముందుగా దాటని గీతల సంగతి చూసి, ఆ తరువాత దాటే గీతల దగ్గరకు వెళదాం.

దాటని గీతలకు టమోటా మండీ ధరలు చక్కని ఉదాహరణ. మదనపల్లె, పలమనేరు, పుంగనూరు ప్రాంతాల టమోటా రైతులు రోజూ చూసుకునేది కనిష్ఠ ధర, గరిష్ఠ ధర అనే రెండు అంకెలను. గరిష్ఠం ఎన్నటికీ కనిష్ఠం కంటే కిందికి రాదు కాబట్టి గీతలు దాటుకునే ప్రశ్నే లేదు. ఇక్కడ నేను వాడే అంకెలన్నీ సాధన కోసం వేసుకున్నవే, ఏ మార్కెట్ నివేదికలోనివీ కావు.

ఎక్సెల్ షీటులో ఎ నిలువు వరుసలో తేదీ, బి వరుసలో కిలో కనిష్ఠ ధర, సి వరుసలో గరిష్ఠ ధర వేయండి. డి వరుసకు తేడా అని పేరు పెట్టి, అందులో సి గడిలోని అంకె నుండి బి గడిలోని అంకెను తీసివేసే సూత్రం రాసి కిందిదాకా లాగండి. ఒక రోజు కనిష్ఠం 12 రూపాయలు, గరిష్ఠం 20 రూపాయలు అయితే తేడా 8 అవుతుంది. ఇప్పుడు ఎ, బి, డి వరుసలను మాత్రమే ఎంచుకుని, ఇన్సర్ట్ మెనూలో ఏరియా చార్టుల్లోంచి స్టాక్డ్ ఏరియా అనే రకాన్ని తీసుకోండి. బి మీద డి పేర్చినట్టు రెండు రంగుల పట్టీలు వస్తాయి. కింది పట్టీ మీద కుడి క్లిక్ చేసి, ఫార్మాట్ డేటా సిరీస్‌లోకి వెళ్లి, ఫిల్ కింద నో ఫిల్ ఎంచుకుంటే అది కనిపించకుండా పోతుంది, పై పట్టీ మాత్రం 12 నుండి 20 వరకు గాలిలో నిలిచినట్టు మిగులుతుంది. దానికి లేత రంగు ఇచ్చి, పారదర్శకతను 60 శాతం ప్రాంతంలో ఉంచితే వెనుక ఉన్న అడ్డగీతలు కూడా కనిపిస్తాయి.

ఇక మిగిలింది గీతలు. చార్టు మీద కుడి క్లిక్ చేసి సెలెక్ట్ డేటా ద్వారా బి వరుసను మరోసారి, సి వరుసను కొత్తగా చేర్చండి. చేర్చగానే అవి కూడా ఏరియాలుగా పేరుకుని చార్టు గందరగోళంగా కనిపిస్తుంది, దానికి కంగారుపడనక్కర లేదు. చేంజ్ సిరీస్ చార్ట్ టైప్ తెరిచి, కొత్తగా చేర్చిన ఆ రెండింటినీ మామూలు లైన్ రకానికి మార్చండి. స్టాక్డ్ లైన్ అనే రకం పొరపాటున ఎంచుకోకూడదు, ఎందుకంటే అది గరిష్ఠాన్ని కనిష్ఠం మీద కూడి 32 దగ్గర గీత గీస్తుంది. అంతా సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒకే ఒక పరీక్ష చాలు: రంగు పై అంచు గరిష్ఠ ధర గీతతోనూ, కింది అంచు కనిష్ఠ ధర గీతతోనూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. అలా కలవకపోతే డి వరుసలో తేడాకు బదులు గరిష్ఠ ధరనే వేశారో, పేర్చే క్రమం తారుమారైందో చూసుకోవాలి.

చాలామంది దీనికి మరో దారి పడతారు. రెండు మామూలు ఏరియాలు గీసి, కిందిదానికి తెలుపు రంగు వేసి వదిలేస్తారు. కంప్యూటరు తెర మీద అది బాగానే ఉంటుంది. కానీ ఆ తెలుపు అడ్డగీతలను మింగేస్తుంది, చార్టును రంగు నేపథ్యం ఉన్న స్లయిడులో అతికిస్తే కింద తెల్లటి గోడలా నిలబడుతుంది. తేడా వరుస రాయడానికి పట్టే నిమిషం శ్రమకు వెనకాడి ఆ దారి పట్టడం నాకు నచ్చదు.

అడ్డ అక్షం విషయంలో రెండు అమరికలు మరువకూడదు. ఫార్మాట్ యాక్సిస్‌లో యాక్సిస్ పొజిషన్‌ను ఆన్ టిక్ మార్క్స్ అని పెట్టకపోతే రంగు పట్టీకి రెండు చివరలా కొంత ఖాళీ మిగులుతుంది. అలాగే యాక్సిస్ రకాన్ని డేట్ యాక్సిస్‌గా పెట్టాలి. మండీకి సెలవు వచ్చిన రోజు గడిని ఖాళీగా వదిలితే ఏరియా చార్టు ఆ రోజు ధరను సున్నాగా తీసుకుని నేలకు దిగి లేస్తుంది. ఆ తేదీ ఉన్న అడ్డ వరుసను మొత్తంగా తీసివేస్తే డేట్ యాక్సిస్ ఆ రోజుకు చోటు ఉంచుతూనే, ముందు రోజును, తరువాతి రోజును నేరుగా కలుపుతుంది.

ఇప్పుడు వానల దగ్గరకు వద్దాం. తిరుపతి, చిత్తూరు జిల్లాలకు వాన రెండు విడతలుగా వస్తుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు. చెరువులు నిండడానికి, కల్యాణి డ్యాములోకి నీరు చేరడానికి రైతులూ పట్టణవాసులూ ఎదురుచూసేది ఎక్కువగా ఈ రెండో విడత కోసమే. జూన్ 1 నుండి రోజురోజుకూ కూడుతూ వచ్చిన సాధారణ వర్షపాతం ఒక గీత, అలాగే కూడుతూ వచ్చిన కురిసిన వర్షపాతం మరొక గీత. నైరుతిలో వెనుకబడిన గీత అక్టోబరులో ఒక తుపానుతో సాధారణాన్ని దాటిపోవచ్చు, ఆ పైన మళ్లీ వెనుకబడవచ్చు. లోటు ఉన్న చోట ఒక రంగు, అధికం ఉన్న చోట మరొక రంగు పడాలి.

దీనికి తేడా ఒక్కటే చాలదు, మూడు వరుసలు కావాలి. బి వరుసలో సాధారణం, సి వరుసలో కురిసినది ఉన్నాయనుకుందాం. డి వరుసకు ఆధారం అని పేరు పెట్టి, బి, సి రెండింటిలో చిన్నదాన్ని తెచ్చే మిన్ సూత్రం రాయండి. ఇ వరుస లోటు. బి నుండి సి తీసివేస్తే వచ్చే అంకె, సున్నా, ఈ రెండింటిలో పెద్దదాన్ని మ్యాక్స్ సూత్రంతో తీసుకోవాలి. ఎఫ్ వరుస అధికం. సి నుండి బి తీసివేసి అదే విధంగా సున్నాతో పోల్చాలి. ఏ తేదీన అయినా లోటు, అధికాల్లో ఒకటి తప్పనిసరిగా సున్నా అవుతుంది. డి, ఇ, ఎఫ్ లను ఆ క్రమంలోనే స్టాక్డ్ ఏరియాగా గీసి, ఆధారానికి నో ఫిల్ పెట్టి, బి, సి లను పైన చెప్పినట్టు గీతలుగా చేర్చండి.

ఇంతవరకు చేసి చాలామంది పని అయిపోయిందనుకుంటారు. గీతలు దాటుకునే చోటికి చార్టును పెద్దది చేసి చూడండి. వారానికొక అంకె ఉన్న షీటులో అక్టోబరు 15న సాధారణం 500 మిల్లీమీటర్లు, కురిసినది 470 అనుకుందాం. అక్టోబరు 22న సాధారణం 540, కురిసినది 560. మొదటి తేదీన లోటు 30, రెండో తేదీన అధికం 20. రెండు గీతలూ ఈ వారంలోనే ఎక్కడో కలిశాయి. కానీ ఎక్సెల్‌కు ఆ సంగతి తెలియదు. దానికి తెలిసినదల్లా లోటు పట్టీని వారమంతా 30 నుండి సున్నాకు దించాలని, అధికం పట్టీని వారమంతా సున్నా నుండి 20కి ఎత్తాలని, ఆధారాన్ని 470 నుండి 540కి నడిపించాలని. ఫలితంగా గీతలు నిజంగా కలిసే చోట, అంటే వారంలో అయిదింట మూడు వంతులు గడిచిన చోట, ఆధారం 512 వద్ద, దానిపై 12 మిల్లీమీటర్ల లోటు రంగు, ఆ పైన మరో 12 మిల్లీమీటర్ల అధికం రంగు నిలుస్తాయి. తేడా సున్నా ఉన్న బిందువు దగ్గర 24 మిల్లీమీటర్ల మందం రంగు కనిపిస్తుంది, అదీ ఒకేసారి లోటనీ అధికమనీ చెబుతూ. చార్టు చిన్నదిగా ఉన్నప్పుడు ఇది కంటికి ఆనకపోవచ్చు. అయినా అది తప్పే.

దీనికి మందు ఒకటే. గీతలు కలిసే బిందువును లెక్కగట్టి షీటులో ఒక అడ్డ వరుసగా చేర్చాలి. కురిసిన దాని నుండి సాధారణాన్ని తీసివేసి వచ్చిన తేడాను గుర్తుతో సహా రాసుకోండి. అక్టోబరు 15న అది మైనస్ 30, 22న ప్లస్ 20. మొదటి తేడాను, మొదటి తేడా నుండి రెండో తేడాను తీసివేయగా వచ్చిన అంకెతో భాగించాలి. మైనస్ 30ని మైనస్ 50తో భాగిస్తే 0.6 వస్తుంది. రెండు తేదీల మధ్య ఉన్న 7 రోజులను దీనితో గుణిస్తే 4.2 రోజులు, అంటే అక్టోబరు 19 దాటిన కొద్ది గంటలకు గీతలు కలిశాయి. అక్కడ విలువ ఎంత? సాధారణం ఆ వారంలో 40 పెరిగింది, అందులో 0.6 వంతు 24, దాన్ని 500కు కలిపితే 524. కురిసినది 90 పెరిగింది, 0.6 వంతు 54, దాన్ని 470కు కలిపినా 524. రెండు దారుల్లోనూ ఒకే అంకె వచ్చిందంటే లెక్క సరైనదే. 15కూ 22కూ మధ్య ఒక కొత్త అడ్డ వరుస చొప్పించి, తేదీ అక్టోబరు 19, సాధారణం 524, కురిసినది 524 అని రాసి, డి, ఇ, ఎఫ్ సూత్రాలను అందులోకి లాగండి. ఆధారం 524, లోటు సున్నా, అధికం సున్నా అవుతాయి. రెండు రంగులూ ఆ బిందువు వద్ద సూదిమొనలా సన్నబడి కలుస్తాయి.

డేట్ యాక్సిస్ రోజు కంటే చిన్న కొలతను లెక్కలోకి తీసుకోదు కాబట్టి 4.2ను 4 రోజులుగా కుదించవలసి వచ్చింది, దానివల్ల గీత కొద్దిగా వంగినా కంటికి కనిపించేంత కాదు. రోజువారీ అంకెలు ఉన్నప్పుడు గీతలు కలిసే బిందువు రెండు రోజుల మధ్య పడుతుంది. మామూలు రోజుల్లో ఆ తప్పు చాలా చిన్నది, నేనైతే వదిలేయమనే చెబుతాను. అయితే 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానల వంటివి వచ్చినప్పుడు కూడుతూ వచ్చిన గీత ఒక్క రోజులోనే నిట్టనిలువుగా లేస్తుంది. దాటడం సరిగ్గా అటువంటి రోజునే జరిగితే ఆ తప్పు పెద్దదై కనిపిస్తుంది. అప్పుడు తేదీలకు బదులు జూన్ 1 నుండి గడిచిన రోజుల సంఖ్యను 100తో గుణించి ఆ అంకెను ఎ వరుసలో వేసి, అక్షాన్ని డేట్ యాక్సిస్‌గానే ఉంచి, దాని అంకెలను దాచి, నెలల పేర్లను విడిగా రాసుకుంటే రోజులో నూరో వంతు వరకు బిందువును పెట్టవచ్చు. ఎక్కడెక్కడ దాటుతున్నాయో కంటితో వెతకనక్కర లేదు. వరుసగా వచ్చే రెండు తేడాలను గుణించే సూత్రం ఒక పక్క వరుసలో రాసి పెడితే, ఫలితం మైనస్ వచ్చిన చోటల్లా దాటినట్టే.

రోజువారీ అంకెలు వందకు పైగా ఉండి, ఇంత శ్రమకు సమయం లేనివారికి ఎక్సెల్‌లోనే ఒక దగ్గరి దారి ఉంది. సాధారణం, కురిసినది రెండింటినీ మామూలు లైన్ చార్టుగా గీసి, చార్టు అంశాల జాబితాలోంచి అప్, డౌన్ బార్స్ చేర్చండి. గ్యాప్ విడ్త్‌ను సున్నాకు దించితే బార్లు ఒకదానికొకటి ఆనుకుని పట్టీలా మారతాయి. సాధారణం మొదటి సిరీస్‌గా, కురిసినది చివరి సిరీస్‌గా ఉంటే అప్ బార్లు అధికాన్ని, డౌన్ బార్లు లోటును చూపిస్తాయి. రెండింటికీ రంగులు వేరువేరుగా ఇచ్చుకోవచ్చు. అంచులు మెట్లుమెట్లుగా ఉంటాయి కానీ ఒకే చోట రెండు రంగులు పడే తప్పు మాత్రం జరగదు. వారానికొక అంకె ఉన్నప్పుడు ఈ మెట్లు మరీ మొరటుగా కనిపిస్తాయి కనుక అక్కడ ఇది పనికిరాదు.

పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే చార్టుల లైబ్రరీ వాడేవారికి ఫిల్ బిట్వీన్ అనే ఫంక్షన్ ఉంది. తేదీలు, ఒక గీత విలువలు, రెండో గీత విలువలు ఇస్తే మధ్య జాగాను నింపుతుంది, తేడా వరుసతో పని లేదు. రెండు రంగుల కోసం దాన్ని రెండుసార్లు పిలవాలి. వేర్ అనే ఆర్గ్యుమెంటులో ఒకసారి కురిసినది ఎక్కువగా ఉన్న చోట అని, మరోసారి తక్కువగా ఉన్న చోట అని షరతు పెట్టాలి. ఇంటర్పొలేట్ అనే ఆర్గ్యుమెంటును ట్రూ అని పెట్టడం తప్పనిసరి. మామూలుగా అది ఫాల్స్‌గా ఉంటుంది, అలాగే వదిలితే గీతలు దాటే చోట రెండు రంగుల మధ్య ఖాళీ ముక్కోణాలు మిగిలిపోతాయి. ట్రూ అని పెడితే మనం చేత్తో చేసిన 0.6 లెక్కనే అది స్వయంగా చేసుకుంటుంది. ఆర్ భాషలో జీజీప్లాట్ రిబ్బన్ వాడేవారు మాత్రం ఎక్సెల్‌లో మాదిరిగానే కలిసే బిందువులను తామే చేర్చుకోవాలి.

రంగు సరిగా పడిన తరువాత, అది చూసేవారికి ఏమి చెబుతున్నదో ఆలోచించడం అంతే ముఖ్యం. కూడుతూ వచ్చిన వానల చార్టులో రంగు విస్తీర్ణానికి అర్థం లేదు. అక్టోబరు 15న లోటు ఎంత అంటే ఆ తేదీ వద్ద రంగు నిలువు ఎత్తు, 30 మిల్లీమీటర్లు, అంతే. జూన్ నుండి పరుచుకుని ఉన్న రంగునంతా చూసి లోటు చాలా పెద్దదనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఒకే లోటు ప్రతి రోజూ మళ్లీ మళ్లీ లెక్కకు వస్తోంది. దీనికి భిన్నంగా, కూడకుండా నెలనెలా విడిగా సాధారణం, కురిసినది గీస్తే రంగు విస్తీర్ణం దాదాపుగా మొత్తం లోటుకు సమానమవుతుంది. మీ చార్టు ఈ రెండింటిలో ఏదో శీర్షికలోనే స్పష్టంగా రాయండి. మరొక చిక్కు కంటిది. గీతలు నిటారుగా లేచే చోట మన చూపు నిలువు దూరాన్ని వదిలి, గీతల మధ్య అతి దగ్గరి ఏటవాలు దూరాన్ని కొలుస్తుంది, కాబట్టి నవంబరులో రంగు పట్టీ సన్నబడినట్టు కనిపించినా తేడా పెరిగి ఉండవచ్చు. నా సలహా, ఇలాంటి చార్టు కింద తేడాను ఒక్కటే గీతగా గీసిన చిన్న చార్టును అదే తేదీలతో జోడించడం.

లోటు అన్న మాటకు కూడా ఒక హద్దు ఉంది. భారత వాతావరణ శాఖ లెక్కలో సాధారణం కంటే 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా దాన్ని సాధారణ వర్షపాతంగానే పరిగణిస్తారు. 20 నుండి 59 శాతం తగ్గితే లోటు, అంతకన్నా తగ్గితే తీవ్రమైన లోటు. పై ఉదాహరణలో 500కు 30 తగ్గడం 6 శాతమే. దానికి ముదురు ఎరుపు వేసి చూపిస్తే లేని కరువును ప్రకటించినట్టవుతుంది. కాబట్టి సాధారణానికి అటూ ఇటూ 19 శాతం మేర లేత బూడిద రంగు పట్టీ వేయడం న్యాయం. ఇదీ రెండు గీతల మధ్య రంగే: ఆధారం సాధారణానికి 0.81 రెట్లు, తేడా 0.38 రెట్లు. అయితే ఎక్సెల్‌లో ఒకే అక్షం మీద ఉన్న స్టాక్డ్ ఏరియాలన్నీ ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. బూడిద పట్టీని మొదటి అక్షం మీద ఉంచి, లోటు, అధికాలను వాటి ఆధారంతో సహా, గీతలతో సహా రెండో అక్షం మీదికి మార్చి, రెండు అక్షాల కనిష్ఠ, గరిష్ఠ విలువలను ఒకే అంకెలుగా చేత్తో పెట్టి, రెండోదాన్ని దాచాలి. ఆ విలువలను ఎక్సెల్‌కే వదిలేస్తే రెండు అక్షాలు వేరు కొలతలు తీసుకుని, పట్టీ ఒక చోట, గీతలు మరొక చోట పడతాయి.

రంగుల ఎంపికలో ఎరుపు, ఆకుపచ్చ జంటకు దూరంగా ఉండండి. ఆ తేడా గుర్తించలేని వారు పురుషుల్లో తక్కువేమీ కారు, పైగా జిరాక్సులో రెండూ ఒకే బూడిదగా మారతాయి. వానలకు అధికం నీలం, లోటు గోధుమ రంగు సరిపోతాయి, ఒకటి ముదురుగా, ఇంకొకటి లేతగా ఉంటే నలుపు తెలుపు ముద్రణలోనూ విడివిడిగా తెలుస్తాయి. లెజెండులో ఆధారం అనే పేరు కనిపిస్తే దాన్ని మాత్రమే ఎంచి తొలగించండి. లోటు, అధికం అనే మాటలను టెక్స్ట్ బాక్సులతో నేరుగా రంగు మీదనే రాసి, చార్టును ఎంచుకుని వాటిని దానిలోపలే చొప్పించండి, అప్పుడు చార్టును వర్డు ఫైలులోకి మార్చినా మాటలు రంగును వదిలి పక్కకు జరగవు.